పిల్లలతో జపాన్‌లో కాపురం: మొదటి ఏడాది ఎలా గట్టెక్కాలి

మా ఆయనకి టోక్యోలో ఉద్యోగం ఖాయమైందని తెలియగానే చుట్టాలంతా ఒకటే అడిగారు: "జపాన్ భాష వచ్చా మీకు?" రాదు. అయినా బతికాం. భాష రాకపోతే ఫోన్‌లో అనువాదం ఉంది, సైగలకి చేతులున్నాయి. మమ్మల్ని నిజంగా తిప్పలు పెట్టింది వేరే సంగతి. మన దగ్గర పని ముందు అయిపోతుంది, కాగితం వెనకాల నడిచొస్తుంది. ఇక్కడ కాగితం ముందు. ముందుగా చెబితే ఎంత పెద్ద పనైనా ఓపిగ్గా చేసిపెడతారు. అయిపోయాక చెబితే మాత్రం నడుం వంచి, క్షమాపణ చెప్పి, చెయ్యరు.

అందుకే పిల్లలతో వస్తున్నవాళ్ళకి ఏ పని ఎప్పుడు చెయ్యాలో వరసగా రాస్తున్నాను. మేముండేది టోక్యోలో ఎదొగావా వార్డు, నిషి కసాయి. 2000 ప్రాంతంలో వైటూకే (తేదీ మారితే కంప్యూటర్లు తికమకపడకుండా సరిచేసే) పనుల మీద వచ్చిన మన ఇంజినీర్లు ఎక్కువగా ఇల్లు తీసుకున్న చోటు. స్టేషన్ మెట్లు దిగితే ఎక్కడో ఓ చోట తెలుగు వినపడుతుంది. మీరు ఒసాకాకో నగోయాకో వెళ్తుంటే తేదీలు, మొత్తాలు కొంచెం మారొచ్చు. పద్ధతి ఇదే.

1. పెట్టెలు సర్దేటప్పుడు

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టొద్దు. అత్తగారు ఎంత ప్రేమగా సీసాకి సీలు వేసి ఇచ్చినా సరే. ఏ రూపంలో ఉన్నా మాంసం విమానాశ్రయం దాటదు, వాసన పట్టే కుక్కలు కూడా ఉంటాయక్కడ. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, కూరగాయలకీ అదే గతి. ఆవకాయ, కారప్పొళ్ళు మాకెప్పుడూ అడ్డు రాలేదు. బియ్యం, పప్పులు మోసుకురావడం శుద్ధ దండగ. సోనా మసూరీ దగ్గర్నుంచి ఇంగువ దాకా నిషి కసాయిలో, ఉఎనో పక్కన ఒకాచిమాచిలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఇంటికే వస్తాయి.

మందుల విషయంలో జాగ్రత్త. డాక్టరు రాసిన మందులైతే ఒక నెలకి సరిపడా, మామూలుగా షాపులో కొనేవైతే రెండు నెలలకి సరిపడా తెచ్చుకోవచ్చు. అంతకు మించితే ముందుగానే అనుమతి పత్రం తీసుకోవాలి. సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటి ఉన్న జలుబు మందులు అసలు తేకూడదు. మనింట్లో డబ్బాలో పడుండే మాత్రల్లో ఏముందో ఒకసారి అట్ట వెనక చదవండి.

పిల్లల టీకాల పుస్తకం మర్చిపోకండి. మా పిల్లల డాక్టరు గీతలు గీసిన పుస్తకం ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. బయల్దేరేలోపే టీకాల పేర్లు, తేదీలు ఇంగ్లీషులో టైపు చేయించి సంతకం పెట్టించుకోండి. జనన ధ్రువపత్రాలు, పెళ్ళి ధ్రువపత్రం అసలువి చేతి సంచీలో ఉండాలి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. మీ పేరు. మన పేర్లు పొడుగు: ఇంటిపేరు, వెంకట, సత్య, సాయి, చివర అసలు పేరు. ఇక్కడ ఫారాల్లో గళ్ళు తక్కువ. పైగా పేరుని కతకానా లిపిలో రాయాలి. అందులో 'ల'కీ 'ర'కీ తేడా లేదు. 'వెంకట' ఒకచోట 'వెంకటా' అవుతుంది, ఇంకోచోట 'బెంకటా' అవుతుంది. బ్యాంకులో ఒకటి, పెన్షన్‌లో ఒకటి రాశారో, తర్వాత ఆ ఇద్దరూ మీరేనని మీరే రుజువు చేసుకోవాలి. కుటుంబంలో అందరి పేర్లూ జపనీస్ తెలిసినవాళ్ళ చేత ఒక్కసారి కతకానాలో రాయించి, ఆ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. ఎక్కడికెళ్ళినా అక్షరం మార్చకుండా అదే రాయండి.

2. ఇల్లు

ప్రైవేటు ఇంటికి వెళ్తే అద్దెతో పాటు షికికిన్ అనే అడ్వాన్సు, రేయికిన్ అనే తిరిగిరాని కానుక, ఏజెంటు కమిషన్, పూచీ కంపెనీకి ఫీజు, అన్నీ కలిపి చేరేరోజే నాలుగైదు నెలల అద్దె చేతిలోంచి జారిపోతుంది. యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే డబ్బుట రేయికిన్! మాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. అందుకే చాలామంది మనవాళ్ళు యుఆర్ ఇళ్ళకి వెళ్తారు. ఇవి ప్రభుత్వ సంస్థ ఇళ్ళు: రేయికిన్ లేదు, కమిషన్ లేదు, పూచీదారు అక్కర్లేదు, రెండేళ్ళకోసారి కట్టే రెన్యువల్ ఫీజు లేదు. మీ జీతం అద్దెకి తగ్గట్టు ఉందని చూపిస్తే చాలు. భవనాలు పాతవి, కానీ గదులు విశాలం, కింద పిల్లలు ఆడుకునే చోటుంటుంది.

ఇల్లంటే ఖాళీ ఇల్లే. దీపాలు ఉండవు, కర్టెన్లు ఉండవు, గ్యాస్ పొయ్యి కూడా ఉండదు. గ్యాస్ కనెక్షన్ ఇవ్వడానికి మనిషి వస్తాడు, ఆ టైముకి మీరు ఇంట్లో ఉండి తీరాలి. రెండు రోజులు ముందే బుక్ చేయండి. మేము చెయ్యలేదు. మార్చి నెల చలిలో మూడు రోజులు పిల్లలకి చన్నీళ్ళ స్నానం, కన్వీనియన్స్ స్టోర్ అన్నం ఉండలూ.

3. మొదటి 14 రోజులు: వార్డు ఆఫీసు

విమానాశ్రయంలో ఇచ్చే జైర్యూ కార్డే ఇక్కడ మీ గుర్తింపు. ఉండే చిరునామా ఖాయమైన రోజు నుంచి 14 రోజుల్లోపు కుయాకుషోకి, అంటే వార్డు ఆఫీసుకి, కుటుంబమంతా కార్డులతో వెళ్ళి నమోదు చేయించుకోవాలి. కార్డు వెనక చిరునామా రాసిస్తారు. మై నంబర్ అనే 12 అంకెల నంబరు తర్వాత పోస్టులో వస్తుంది.

చాలామంది అక్కడితో లేచి వచ్చేస్తారు. రాకండి. అదే రోజు, అదే భవనంలో ఇంకో రెండు కౌంటర్లు ఎక్కి దిగాలి.

మొదటిది జిదో తేఅతే, పిల్లల భత్యం. విదేశీయులకీ ఇస్తారు. 2024 అక్టోబరు నుంచి ఆదాయ పరిమితి తీసేశారు. మూడేళ్ళ లోపు బిడ్డకి నెలకి 15,000 యెన్లు, ఆ పైన హైస్కూలు వయసు దాకా 10,000, మూడో బిడ్డ నుంచి 30,000. రెండు నెలలకోసారి ఖాతాలో వేస్తారు. ఊళ్ళోకి చేరిన 15 రోజుల్లోపు దరఖాస్తు పెట్టాలి. ఆలస్యమైతే పోయిన నెలల డబ్బు పోయినట్టే. మాకు తెలిసిన ఒకావిడ ఐదు నెలలు ఆగి వెళ్ళింది. కౌంటర్లో అమ్మాయి ఎంతో మర్యాదగా క్యాలెండర్ చూపించి, ఐదు నెలలకీ క్షమించమంది.

రెండోది పిల్లల వైద్య కార్డు. ఇక్కడ బీమా ఉంటే పెద్దవాళ్ళు ఖర్చులో 30 శాతం కడతారు. టోక్యో వార్డుల్లో హైస్కూలు వయసు దాకా పిల్లలకి ఆ వాటా కూడా వార్డే భరిస్తుంది. దానికో చిన్న పత్రం ఇస్తారు, అడిగితేనే. టీకాల కాగితం అక్కడే చూపించి, బోషి తెచో అనే తల్లీబిడ్డల పుస్తకం కూడా అడిగి తెచ్చుకోండి. మిగిలిన టీకాలకి ఫారాలు ఇస్తారు.

ఫోన్ సిమ్ మాత్రం మాట్లాడే నంబరున్నదే తీసుకోండి, డేటా సిమ్ పనికిరాదు. జపాన్ నంబరు లేనిదే బ్యాంకు ఖాతా రాదు, ఖాతా లేనిదే జీతం రాదు. వచ్చి ఆరు నెలలు కాకుండా పూర్తి సదుపాయాల ఖాతా ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. కాబట్టి ఆఫీసు వాళ్ళు చెప్పిన బ్యాంకుకే వెళ్ళండి.

4. కింది ఇంటివాళ్ళు, చెత్త

ఇక్కడ పక్కింటితో గొడవ అంటే అరుచుకోవడం ఉండదు. తలుపు దగ్గర చీటీ కనపడుతుంది, లేదా బిల్డింగ్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. కారణం నూటికి తొంభైసార్లు పిల్లల పరుగులు. దిగిన రెండు మూడు రోజుల్లోనే ఓ చిన్న స్వీట్ల పెట్టె పట్టుకుని కింది ఇంటికీ, రెండు పక్కలకీ వెళ్ళండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. "చిన్నపిల్లలున్నారు, చప్పుడు అవుతుందేమో, క్షమించండి" అనే మాట జపనీస్‌లో కాగితం మీద రాసుకుని చదివినా సరే. మా కింద ఉండే పెద్దావిడ ఆ రోజు మా చిన్నాడి తల నిమిరింది. ఆ తర్వాత వాడు సోఫా మీంచి ఎన్నిసార్లు దూకాడో లెక్కలేదు, ఒక్క చీటీ రాలేదు. గదంతా మెత్తటి జాయింట్ మ్యాట్లు కూడా పరిచామనుకోండి.

చెత్తకి వారపు పట్టిక ఉంటుంది: మండేది, మండనిది, ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలు. పొద్దున ఎనిమిది లోపు పెట్టాలి, ముందు రాత్రి పెట్టకూడదు. కాకులు చింపేస్తాయి, వల కప్పండి. ప్లాస్టిక్ సీసాకి మూత తీసి, లేబుల్ ఒలిచి, కడిగి వెయ్యాలి. పూరీలు, గారెలు వేయించిన నూనె సింకులో పోయొద్దు. వేడి నూనెలో కలిపితే గడ్డకట్టే పొడి సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది, చల్లారాక అచ్చంగా జున్నులా వస్తుంది, మండే చెత్తలో వేసెయ్యండి. పాత పరుపు, కుర్చీ లాంటివైతే ముందు ఆన్‌లైన్‌లో బుక్ చేసి, కన్వీనియన్స్ స్టోర్‌లో స్టిక్కరు కొని అంటించాలి.

5. బడి

ఇక్కడ విద్యా సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. ఏప్రిల్ 2 నుంచి వచ్చే ఏడు ఏప్రిల్ 1 లోపు పుట్టినవాళ్ళంతా ఒక తరగతి. పుట్టినరోజు చూసి తరగతి ఇస్తారు, చదువు చూసి కాదు. మనవాడు ఎక్కాలన్నీ వచ్చినవాడైనా సరే.

బడి కంటే ముందు వయసు పిల్లలకి రెండు దారులు. తల్లిదండ్రులిద్దరూ పని చేస్తుంటే హోయికుఎన్, అంటే సాయంత్రం దాకా చూసుకునే చోటు. ఒకరు ఇంట్లో ఉంటే యోచిఎన్, మధ్యాహ్నం రెండింటికి ఇంటికి. 2019 అక్టోబరు నుంచి మూడేళ్ళు దాటిన పిల్లలకి హోయికుఎన్ ఫీజు లేదు. యోచిఎన్‌కి నెలకి 25,700 యెన్ల దాకా ప్రభుత్వం భరిస్తుంది. హోయికుఎన్ సీట్లు వార్డే పాయింట్లు లెక్కేసి పంచుతుంది. ఏప్రిల్‌లో చేరాలంటే ముందటేడు అక్టోబరు, నవంబరుల్లోనే దరఖాస్తు. జనవరిలో దిగినవాళ్ళకి ఆ బస్సు వెళ్ళిపోయినట్టే. అయినా మధ్యలో ఖాళీలు వస్తుంటాయి, నెలనెలా వార్డు ఆఫీసుని అడుగుతూ ఉండండి.

ప్రతి వస్తువు మీదా పేరు రాయాలి. ప్రతి వస్తువూ అంటే ప్రతి డైపరు మీదా, ఒక్కో సాక్సు మీదా కూడా. పేరు రబ్బరు స్టాంపు చేయించుకోండి, బతుకు తేలికవుతుంది.

ఆరేళ్ళు దాటితే దగ్గర్లోని ప్రభుత్వ బడి. విదేశీ పిల్లలకి చదువు తప్పనిసరి కాదు గానీ, అడిగితే ఫీజు లేకుండా చేర్చుకుంటారు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నడిచి వెళ్తారు. మొదటి వారం నేను చెట్ల చాటున దాక్కుంటూ వెంట నడిచాను, సిగ్గేమీ పడలేదు. లేదంటే సీబీఎస్ఈ బళ్ళున్నాయి: 2004లో మొదలైన ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్, తర్వాత వచ్చిన గ్లోబల్ ఇండియన్. రెండు మూడేళ్ళలో తిరిగి వెళ్ళిపోతామని ఖాయంగా తెలిస్తే సీబీఎస్ఈ మేలు. ఎన్నాళ్ళుంటామో తెలియకపోతే ప్రభుత్వ బడే మంచిదని నా అభిప్రాయం. "ఈ ఒక్క ఏడాది చూసి" అనుకుంటూ పదేళ్ళు ఉండిపోయినవాళ్ళే నా చుట్టూ ఎక్కువ.

బడి నుంచి రోజూ సంచీ నిండా కాగితాలొస్తాయి. ఆ రాత్రే ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చదవండి. మర్నాటికి పాల డబ్బా అట్టలు మూడు, పాత టీషర్టు ఒకటి పంపమని అందులో ఎక్కడో ఉంటుంది.

6. బడి భోజనం

మన ఇళ్ళల్లో ఎక్కువ టెన్షన్ దీని గురించే. బడిలో అందరూ ఒకే భోజనం తింటారు, పిల్లలే వడ్డించుకుంటారు. గొడ్డు మాంసం, పంది మాంసం వారంలో చాలాసార్లు ఉంటాయి. సూప్ అంటే అడుగున ఎండు చేపల రసం ఉన్నట్టే. చేరే ముందే టీచరుతో, భోజనం చూసే పోషకాహార నిపుణురాలితో సమావేశం అడగండి. "మా మతం ప్రకారం తినం" అంటే అర్థం చేసుకుంటారు. "ఇష్టం లేదు" అంటే, అలవాటు చేస్తాం అంటారు. మాట మారితే ఫలితం మారుతుంది.

ఆ తర్వాత నెలాఖరుకి వచ్చే నెల మెనూ, దినుసులతో సహా చేతికిస్తారు. మా ఇంట్లో నెలకోసారి జరిగే పనేమిటంటే, ఆ కాగితం డైనింగ్ టేబుల్ మీద పరిచి నేనూ మా అమ్మాయీ రెండు రంగుల మార్కర్లతో కూర్చుంటాం. గ్యూనికు గొడ్డు మాంసం, బుతానికు పంది మాంసం: ఇవి ఉన్న వంటకానికి గులాబీ రంగు, అది వడ్డించుకోదు. ఆ రోజు ముఖ్యమైన కూరే గులాబీ అయితే పసుపు రంగు, అంటే ఇంటి నుంచి డబ్బా. డబ్బాలో కూడా బడిలో ఏముందో దానికి దగ్గరగా ఉండేది పెడతాను. అక్కడ కర్రీ రైస్ అయితే మన పప్పుచారన్నం గట్టిగా కలిపి, పక్కన బంగాళాదుంప వేపుడు. పిల్లకి కావలసింది పక్కవాళ్ళ కంచంలాంటి కంచం, అంతే. గుర్తులు పెట్టిన కాగితం జిరాక్స్ టీచరుకి ఇస్తాం.

షాపులో కొనే వాటికి చిట్కా: ప్యాకెట్ వెనక అలర్జీ పట్టిక ఉంటుంది. గుడ్డు, పాలు, గోధుమలతో పాటు చాలా కంపెనీలు గొడ్డు, పంది, కోడి మాంసాలు, జెలటిన్ కూడా అందులో చూపిస్తాయి. ఆ నాలుగు మాటల అక్షరాలు ఫోన్‌లో ఫొటోగా పెట్టుకుని పోల్చి చూసుకోండి.

7. ఒళ్ళు వెచ్చబడితే

హోయికుఎన్‌లో 37.5 డిగ్రీలు దాటితే ఫోన్ చేస్తారు, వెంటనే వెళ్ళి తీసుకురావాలి. ఎవరు వెళ్తారో భార్యాభర్తలు ముందే అనుకోండి, ఆఫీసులో కూడా ముందే చెప్పి ఉంచండి. పిల్లల డాక్టరు దగ్గర ఆన్‌లైన్‌లో టోకెన్ తీసుకోవచ్చు. రాత్రిపూట అనుమానంగా ఉంటే #8000కి ఫోన్ చేస్తే పిల్లల వైద్యం తెలిసినవాళ్ళు సలహా చెబుతారు. నిజంగా ప్రమాదమైతే 119, అంబులెన్సుకి డబ్బు తీసుకోరు. పోలీసులకి 110.

8. భూమి కదిలినప్పుడు

ఓ రాత్రి మూడు ఫోన్లూ ఒక్కసారి కూశాయి, ఇల్లు ఊగింది, ఆగింది. పాలు కాద్దామంటే పొయ్యి వెలగలేదు. గ్యాస్ బిల్లు కట్టలేదేమోనని ఒకర్నొకరం అనుకున్నాం. విషయం ఏమిటంటే, నేల ఎంత ఊగిందో చెప్పే జపాన్ కొలత షిందోలో 5 దాకా ఊగితే గ్యాస్ మీటరు తనంతట తానే ఆగిపోతుంది. గ్యాస్ వాసన లేదని చూసుకుని, పొయ్యి, హీటరు అన్నీ ఆపేసి, గుమ్మం బయట మీటరు మీద బటన్ నొక్కితే ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. మూడు నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా ఆగితే మళ్ళీ వస్తుంది. చేరిన వారంలోనే ఆ మీటరు ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

బీరువాలు గోడకి బిగించండి. నీళ్ళు, టార్చి, మందులు, పాస్‌పోర్టు కాపీలు, కొంచెం నగదు ఒక సంచీలో గుమ్మం దగ్గర పెట్టండి. వార్డు ఇచ్చే ప్రమాద పటం తప్పక చూడండి. మా ఎదొగావాలో పది వంతుల్లో ఏడు వంతుల నేల సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉంది. 2019లో వార్డు వేసిన వరద పటం అట్ట మీదే, ఎదొగావా ఉన్న చోట "ఇక్కడ ఉండొద్దు" అని రాశారు. వార్డు వాళ్ళే! పెద్ద తుఫాను వస్తోందంటే ఏ ఊరి స్నేహితుల ఇంటికి వెళ్ళాలో మేము అనుకుని పెట్టుకున్నాం.

9. రెండో ఏడాది జూన్

మొదటి ఏడాది జీతం చేతికి బాగానే వస్తుంది, మిగులుతోంది కదా అనిపిస్తుంది. అది మాయ. జూమిన్‌జేయి అనే స్థానిక పన్ను పోయిన ఏడాది ఆదాయం మీద, సుమారు పది శాతం, మరుసటి జూన్ నుంచి పడుతుంది. మొదటి ఏడాది నుంచే ఆ వాటా పక్కన పెట్టండి. జనవరి 1న ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకి ఆ ఏడు పన్ను తప్పదు. దేశం వదిలి వెళ్ళే తేదీ పెట్టుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఊళ్ళో అమ్మానాన్నలకి ఆదాయం పెద్దగా లేక మీరే డబ్బు పంపుతుంటే, వాళ్ళని మీ మీద ఆధారపడినవాళ్ళుగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. 2023 నుంచి 30 నుంచి 69 ఏళ్ళ మధ్యవాళ్ళకి, మనిషికి ఏడాదికి 3,80,000 యెన్లు పంపినట్టు రుజువుండాలి. ఇద్దరిదీ కలిపి నాన్న ఖాతాలో వేస్తే అమ్మ లెక్కలోకి రాదు. అమ్మకో ఖాతా తెరిపించి విడిగా పంపండి. మా అమ్మకి అరవై ఒకటో ఏట తన పేరు మీద మొదటి బ్యాంకు ఖాతా ఈ లెక్క వల్లే వచ్చింది.

భారత్‌లోని కంపెనీ ఐదేళ్ళ లోపు గడువుకి పంపితే, 2016 అక్టోబరులో అమల్లోకి వచ్చిన ఇరు దేశాల ఒప్పందం కింద ఇక్కడి పెన్షన్ కట్టక్కర్లేదు. దానికి పీఎఫ్ ఆఫీసు పత్రం బయల్దేరే ముందే తీసుకోవాలి.

10. వీసాలు, పెద్దవాళ్ళు

భార్యో భర్తో కుటుంబ వీసా మీద వచ్చి పని చెయ్యాలంటే ఇమిగ్రేషన్ ఆఫీసులో విడిగా అనుమతి తీసుకోవాలి. వారానికి 28 గంటల దాకా చెయ్యొచ్చు. అనుమతి రాకముందు ఒక్క పూట కూడా వద్దు.

ఇక్కడ బిడ్డ పుడితే 14 రోజుల్లో వార్డు ఆఫీసులో, 30 రోజుల్లో ఇమిగ్రేషన్‌లో, ఆ పైన మన ఎంబసీలో పాస్‌పోర్టుకి. పురుడుకి బీమా నుంచి 5,00,000 యెన్లు వస్తాయి. అమ్మని పురిటికి రప్పించుకోవచ్చు గానీ మామూలుగా 90 రోజుల వీసానే. పెద్దవాళ్ళకి కుటుంబ వీసా ఇవ్వరు, ఇక్కడి ఆరోగ్య బీమా వర్తించదు. ప్రయాణ బీమా పెద్ద మొత్తానికే తీసుకోండి. నెలలు నిండాక రప్పిస్తే బాలింత రోజులన్నీ ఆవిడ ఉన్నప్పుడే గడుస్తాయి. ఆరో నెలలో వచ్చి, పురుడు రాకముందే గడువు తీరి వెళ్ళిపోయిన అమ్మమ్మ ఒకావిడ మా బిల్డింగులోనే ఉన్నారు.

వీసా పొడిగింపుకి గడువుకి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. ఇంట్లో అందరి కార్డుల గడువూ ఒకే రోజు ఉండకపోవచ్చు. నలుగురి కార్డులూ ఇప్పుడే తీసి, నాలుగు తేదీలూ ఫోన్ క్యాలెండరులో విడివిడిగా, మూడు నెలల ముందుకి పెట్టుకోండి.